పులిపిరికాయలు – హోమియో వైద్యము
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఒసగబడిన ఉపన్యాస పాఠము)

 

గ్రామ గ్రంథాలయములలో పురాణములు, నవలలు ఉండు బీరువాకు ప్రక్కనే వైద్యగ్రంథముల అర యొకటి సాధారణముగ కనబడును. గృహవైద్యము, ఆయుర్వేదము, ప్రకృతిచికిత్స, హోమియోవైద్యము – వీనికి సంబంధించిన పుస్తకములు అందులో నుండును. పాఠకుల చేతులలో నలిగి, అంచులు చిరిగి, అట్టలు ఊడిన పుస్తకములు ఈ అరలోనే ఎక్కువ. పుస్తకమునకు నలుగుటయే గౌరవము. ఆ పుటలను త్రిప్పి తల్లిదండ్రులు వెదకు రుగ్మతలలో పులిపిరికాయ యొకటి. కొన్ని సీమలలో దీనినే ఉలిపిరికాయ యందురు. ఇది ప్రాణములు తీయు వ్యాధి కాదు; మంచమునకు ఈడ్చు వ్యాధియు కాదు. అయినను ఈ చిన్న పొక్కు చెంత ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. ఒక మందు వాడిన పిమ్మట వ్యాధి పోయినచో, అది ఆ మందు వలననే పోయినదని ఎట్లు తెలియును? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

పదియేండ్ల బాలు నొకని తలచుకొనుడు. పేరుతో పనిలేదు, ప్రతి గ్రామమునను ఇట్టి బాలుడుండును. శ్రావణమాసములో వాని కుడిచేతి కణుపుమీద శనగగింజంత గరుకుపొక్కు ఒకటి లేచినది. దీపావళి నాటికి ఒకటి నాలుగయినవి. పొరుగింటావిడ సున్నమును, చాకలిసోడాను కలిపి అద్దుమన్నది. అద్దగా చర్మము కాలి పుండుపడినది. బాలుడు వారము దినములు కలము పట్టలేకపోయెను. అమ్మమ్మ తలవెంట్రుకతో బిగించి కట్టినది. అది వాచినదే గాని రాలలేదు. జిల్లేడుపాలు పూయుమని మరియొకరు చెప్పిరి. ఆ పాలు కంటబడినచో చూపునకే ముప్పు గనుక తల్లి దానికి సాహసింపలేదు.

ఇంతలో పాఠశాలలో బల్లమీద ప్రక్కన కూర్చుండు పిల్లవాడు దూరముగ జరిగెను. ఒక పెండ్లి పంక్తిలో వాని చేతికి మంచినీళ్ల చెంబు ఇయ్యవద్దని ఎవరో గొణిగిరి. ఆ మాట చెవినబడిన నాటినుండి బాలుడు ఆ చేతిని చొక్కాజేబులో దాచుకొని తిరుగుట మొదలిడెను. పులిపిరికి నొప్పి లేదు; ఆ మాటకు కలదు.

సంక్రాంతికి వచ్చిన మేనమామ ఇది చూచి, "అక్కయ్యా, పట్టణములో హోమియో డాక్టరుగారున్నారు. కోయరు, కాల్చరు. తియ్యని మాత్రలిత్తురు. ఒకసారి చూపుదము రా" అనెను. డాక్టరుగారు బాలుని అరగంటసేపు ప్రశ్నించిరి. ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? చెమట ఎక్కువగా పట్టునా? నిద్రలో ఉలికిపడునా? చలికి ఓర్చునా? ఇంతసేపు ఆ బాలునితో ఓపికగా మాటలాడిన పెద్దవారు అంతకుముందు లేరు. గోళ్లతో గీకవద్దనియు, సున్నము ముట్టింపవద్దనియు చెప్పి, చక్కెర మాత్రల సీసా ఇచ్చి పంపిరి. నాలుగు మాసములు గడచినవి. ఒకనాటి ఉదయమున తల్లి నీళ్లు పోయుచు చూడగా కణుపులు నున్నగ నున్నవి. మచ్చయైనను లేదు.

ఇల్లంతయు సంతోషించినది. "అంతయు హోమియో మందు మహిమ" అని మేనమామ అనెను. "నేను మ్రొక్కిన మ్రొక్కు ఊరక పోవునా అమ్మాయీ?" అని అమ్మమ్మ అనెను. "ఆనాడు సున్నము వేరును కాల్చబట్టి గదా వదినా, ఇప్పటికి రాలినది!" అని పొరుగింటావిడ అనెను. ముగ్గురును అబద్ధమాడు వారు కారు. కన్నులతో చూచినదే చెప్పిరి. కాని ముగ్గురు చెప్పిన కారణములు మూడు, జరిగిన కార్యమొక్కటి. సత్యమును తేల్చుటకు ముందుగా పులిపిరి యనగా నేమో తెలియవలెను.

పులిపిరి స్వభావము

పులిపిరికి కారణము వైరస్. సామాన్యమైన సూక్ష్మదర్శినికి కూడ అందని అతిసూక్ష్మ పదార్థమిది. 1907లో చ్యూఫో అను ఇటలీ వైద్యుడు పులిపిరిని నూరి, ఆ రసమును సూక్ష్మక్రిములు సైతము దాటలేని వడపోత గుండ పంపి, ఆ వడకట్టిన ద్రవముతోనే పులిపిరిని పుట్టింపవచ్చునని చూపెను. నేడు ఈ వైరస్‌లలో రెండువందలకు పైగా రకములు గుర్తింపబడినవి. చేతులమీద, పాదములమీద పులిపిర్లు కలిగించు రకములు వేరు. మర్మస్థానములలో కలిగించునవి వేరు. స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కలిగించునవి వేరు. ఇవన్నియు ఒకే వంశమునకు చెందినవే యైనను, ఒకదాని పని మరియొకటి చేయదు. బాలుని చేతిమీది పులిపిరిని చూచి క్యాన్సరని బెదరవలసిన పని లేదు.

ఈ వ్యాధి అంటును, నిజమే. అయితే తాకిన మాత్రమున అంటుకొనునది కాదు. చర్మమునకు గీరుగాని, పగులుగాని, నానిన మెత్తదనముగాని ఉండవలెను. గోళ్లు కొరుకు పిల్లలకు గోటి చుట్టును లేచుట, గడ్డము గీచుకొను వారికి కత్తి నడచిన దారిలోనే వరుసగా లేచుట ఇందుచేతనే. అంటిన వెంటనే కనబడదు. కొన్ని వారములు, తరచు కొన్ని మాసములు పట్టును. అరికాలిలో వచ్చినది నడకకు అణగి, ఆనెకాయవలె కనబడి మోసగించును. ఆనెను తిన్నగ నొక్కిన నొప్పి. పులిపిరిని ప్రక్కలనుండి గిల్లినట్లు నొక్కిన నొప్పి. పైపొరను చెక్కి చూచినచో పులిపిరిలో నల్లని చుక్కలు కనబడును. వానిని జనులు వేళ్లందురు. అవి వేళ్లు కావు. సన్నని రక్తనాళములలో గడ్డకట్టిన నెత్తురు. వేరు లేనిదానికి వేరు తీయుదుమని కత్తి పెట్టుట వృథాశ్రమ, మచ్చకు మూలము.

ఇక ముఖ్యవిషయము. ఈ వైరస్ చర్మపు పైపొరలలోనే కాపురముండును, నెత్తురులోనికి దిగదు. అందువలన శరీరమును కాపాడు రక్షకశక్తి చాలకాలము దీని ఉనికిని పసిగట్టజాలదు. ఒకనాటికి పసిగట్టును. అప్పుడు నెలల తరబడి నిలిచిన పులిపిర్లు కొద్దిదినములలోనే, తరచు అన్నియు ఒక్కసారిగనే మాయమగును. మందు పూసినదియు పోవును, పూయనిదియు పోవును. 1963లో అమెరికాలో ఇద్దరు వైద్యులు ఒక ఆశ్రయసంస్థలోని సుమారు వేయిమంది పిల్లలను రెండు సంవత్సరములు గమనించి, ఫలితములను ప్రకటించిరి. ఏ చికిత్సయు లేకయే పులిపిర్లలో మూడింట రెండు వంతులు ఆ రెండేండ్లలో పోయినవి.

ఈ సంగతి మనసున నుంచుకొని బాలుని కథను తిరిగి చూడుడు. శ్రావణములో మొదలై మరుసటి వేసవికి పోయిన పులిపిరి ఏ మందును వాడకున్నను పోయియుండవచ్చును. తానుగా పోవు వ్యాధికి చివర మందిచ్చిన వానికే కీర్తి దక్కును. తెల్లవారుజామున కూసిన కోడి తన కూతకే సూర్యుడు లేచెనని తలంచినచో దానిని తప్పుపట్టువారు లేరు. కాని సూర్యోదయమునకు కారణము వేరు.

హోమియో వైద్యము – దాని వాదము

అంతమాత్రమున హోమియో మందు పనిచేయలేదని తీర్పు చెప్పుటయు తొందరపాటే. ఆ వైద్యము ఏమి చెప్పుచున్నదో వినుట న్యాయము.

దీనిని స్థాపించిన శామ్యూల్ హానిమన్ 1755లో జర్మనీలోని మైసెన్ పట్టణమున జన్మించెను. ఆ కాలమున ఐరోపాలో రోగికి నెత్తురు తీయుట, పాదరసము తినిపించుట, వాంతులు విరేచనములు చేయించుట ఘనమైన వైద్యముగ చెల్లుచుండెను. ఆ క్రూరత్వమునకు మనసొప్పక హానిమన్ వైద్యవృత్తిని విడిచి, గ్రంథములను అనువదించి జీవించెను. 1790లో ఒక గ్రంథమును అనువదించుచు, చలిజ్వరమునకు వాడు సింకోనా బెరడును ఆరోగ్యముగ నున్న తానే సేవించి, చలిజ్వరమువంటి లక్షణములే తనకు కలిగినవని వ్రాసెను. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణములను కలిగించునో, రోగిలో ఆ లక్షణములనే ఆ పదార్థము పోగొట్టునను సిద్ధాంతము దీనినుండి పుట్టినది. 1810లో 'ఆర్గనాన్' అను గ్రంథము వెలువడినది. 1828లో ప్రకటించిన దీర్ఘవ్యాధుల గ్రంథములో ఆయన పులిపిరివంటి పెరుగుదలలకు మూలముగ ఒక ప్రత్యేకదోషమును చెప్పి, దానికి తూజా, నైట్రిక్ ఆమ్లము ముఖ్యౌషధములని నిర్ణయించెను. 1843లో పారిస్ నగరమున ఆయన కన్నుమూసెను.

ఈ వైద్యము భారతదేశమునకు వచ్చుటయు ఆలస్యము కాలేదు. 1839లో లాహోరులో మహారాజా రంజిత్ సింగునకు హానిగ్‌బెర్గర్ అను వైద్యుడు ఈ పద్ధతిని చికిత్స చేసెను. కలకత్తాలో ఎం.డి. పట్టము పొందిన మహేంద్రలాల్ సర్కార్ మొదట దీనిని ఎగతాళి చేసి, పిమ్మట 1867లో బహిరంగముగ స్వీకరించెను. ఆయనయే 1876లో విజ్ఞానశాస్త్ర వ్యాప్తికై ఒక సంస్థను నెలకొల్పెను. తరువాతి కాలమున సి.వి. రామన్ పరిశోధనలు జరిగినది ఆ సంస్థలోనే. తెలుగునాట గుడివాడలో 1945లో హోమియో వైద్య కళాశాల వెలసినది. సరోజినీ నాయుడు కుమారుడు జయసూర్య హైదరాబాదులో ఈ వైద్యమునకు పేరు తెచ్చెను. 1973లో పార్లమెంటు దీనికొక చట్టము చేసినది. 2020లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. గ్రామములలో ఉపాధ్యాయులు, పోస్టుమాస్టర్లు, విశ్రాంతోద్యోగులు పెట్టె నిండ సీసాలుంచుకొని ఉచితముగ మందులిచ్చుట ఎందరో ఎరిగిన విషయము. చౌకగ నుండుట, తియ్యగ నుండుట, నొప్పి లేకుండుట, అన్నింటికిమించి రోగి మాటను చివరవరకు వినుట – ఇవి ఈ వైద్యమునకు ఊరూర ఆదరము తెచ్చినవి.

పులిపిరులకు ఈ వైద్యగ్రంథములు చెప్పు మందులలో మొదటిది తూజా. ఇది ఉత్తర అమెరికాలో పెరుగు ఒక చెట్టు కొమ్మలనుండి తీయబడును. తెలుగునాట పాఠశాలల ఆవరణలలో అలంకారమునకు పెంచు తూజా మొక్క దీనికి దగ్గరి చుట్టము. అది తూర్పు ఆసియాది. కాలీఫ్లవరువలె విచ్చుకొన్న పులిపిరికి తూజా, గోళ్ల చెంత లేచినదానికి కాస్టికం, అరికాలిలో కొమ్మువలె గట్టిపడినదానికి ఆంటిమోనియం క్రూడం, చేతి వెనుక నున్నగ చదునుగ నుండుదానికి డల్కమరా – ఇట్లు రూపమును బట్టి, స్థానమును బట్టి, రోగి స్వభావమును బట్టి మందు మారును.

ఈ మందులు తయారగు విధము గమనింపదగినది. మూలద్రవ్యము ఒక బొట్టునకు తొంబదితొమ్మిది బొట్ల సారాయిసత్తు కలిపి బలముగ కుదిపినచో మొదటి శక్తి. అందులో ఒక బొట్టును తీసి మరల తొంబదితొమ్మిది బొట్లలో కలిపినచో రెండవది. ఇట్లు ముప్పదిసార్లు చేసినది ముప్పదవ శక్తి. ఒకటి ప్రక్కన అరువది సున్నలు చేర్చిన సంఖ్య ఎంతయో, అన్ని పాళ్లలో అప్పుడు మూలద్రవ్యము ఒక పాలు. పండ్రెండవ శక్తి దాటునప్పటికే మూలద్రవ్యపు అణువు ఒక్కటియైన సీసాలో మిగులుట అరుదని రసాయనశాస్త్రపు లెక్క. ద్రవ్యము లేకున్నను కుదుపుటచే దాని శక్తి నిలుచునని హోమియో వైద్యులు సమాధానము చెప్పుదురు. ఆ శక్తిని తూచు త్రాసు ఎవరియొద్దను లేదు. కనుక ఈ తగవు వాదముతో తీరదు. రోగుల సంఖ్యను లెక్కించి తీర్చుకొనవలసినదే.

లెక్క చెప్పిన సాక్ష్యము

లెక్కించుటకు న్యాయమైన పద్ధతి యొకటి కలదు. రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగ విభజింతురు. ఒక వర్గమునకు నిజమైన మందు, రెండవ వర్గమునకు అదే రంగు, అదే రుచి గల ఉత్త చక్కెరమాత్ర ఇత్తురు. ఎవరికేది చేరినదో రోగికి తెలియదు, ఇచ్చు వైద్యునికిని తెలియదు. గడువు ముగిసిన పిమ్మటనే రహస్యపు పట్టిక తెరచి చూతురు. ఇందు వైద్యుని ప్రతిష్ఠకు గాని, రోగి భక్తికి గాని, కాలము చేయు మేలునకు గాని ఒకవైపు మొగ్గుటకు వీలుండదు. ఎందుకనగా కాలము రెండు వర్గములకును సమానముగనే నడచును.

పులిపిరుల విషయమున ఇట్టి పరీక్షలు జరిగినవి. కెనడా దేశములోని క్వెబెక్‌లో అరికాలి పులిపిర్లు గల 174 మందిపై జరిగిన పరీక్ష 1992లో ప్రకటింపబడినది. ఒక వర్గమునకు తూజా, ఆంటిమోనియం క్రూడం, నైట్రిక్ ఆమ్లము ఆరు వారములు ఇచ్చిరి. పదునెనిమిది వారములకు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 20 మందికి నయమయ్యెను. ఉత్తమాత్ర పుచ్చుకొన్నవారిలో నూటికి 24 మందికి నయమయ్యెను. మందునకు మొగ్గు కనబడలేదు.

అందరికి ఒకే మందు ఇచ్చుట హోమియో పద్ధతి కాదని ఆక్షేపము రావచ్చును. అది సమంజసమే. ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణమున 60 మంది పిల్లలకు ఎవరి లక్షణములకు తగిన మందు వారికి ఏరి ఇచ్చి ఎనిమిది వారములు పరీక్షించిరి. దీని ఫలితము 1996లో వెలువడినది. పులిపిర్ల పరిమాణము సగమునకు తగ్గినవారు మందు వర్గములోని 30 మందిలో 9 మంది, ఉత్తమాత్ర వర్గములోని 30 మందిలో 7 గురు. పూర్తిగ పోయినవారు మందు వర్గములో 5 గురు, రెండవదానిలో ఒకరు. ఈ చివరి అంకెను హోమియో అభిమానులు చూపుదురు, చూపవచ్చును. కాని ఇంత చిన్న సంఖ్యలలో ఇట్టి భేదము యాదృచ్ఛికముగ రావచ్చునని పరీక్షించినవారే నిర్ణయించిరి. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్యపరిశోధన మండలి 2015లో అనేక పరీక్షలను కూర్చి చూచి, హోమియో మందు గుణమిచ్చునని నమ్మదగిన సాక్ష్యము గల వ్యాధి యొక్కటియు లేదని ప్రకటించినది.

ఇది వినినంతనే ఇతర వైద్యులు గర్వింపనక్కరలేదు. నెదర్లాండ్స్ దేశమున 250 మందిపై జరిగిన పరీక్ష 2010లో ప్రకటింపబడినది. పదమూడు వారములకు ద్రవ నత్రజనితో పులిపిరిని గడ్డకట్టించినవారిలో నూటికి 39 మందికి, సాలిసిలిక్ ఆమ్లము పూసినవారిలో 24 మందికి, ఏమియు చేయక వేచియున్నవారిలో 16 మందికి నయమయ్యెను. అరికాలి పులిపిరి విషయమున ఈ మూడింటికి చెప్పుకోదగిన భేదమే లేదు. కాబట్టి పులిపిరిని పంతముపట్టి పారద్రోలు అస్త్రము ఎవరియొద్దను లేదు. ఉన్నవి కొంత మేలు చేయు సాధనములు. అన్నింటికిమించిన వైద్యుడు కాలము.

డాక్టరుగారు చేసిన మేలు

అట్లయిన ఆ పట్టణపు హోమియో డాక్టరుగారు బాలునికి చేసినది శూన్యమా? కాదు. వారు ఇచ్చిన మాత్ర పులిపిరిని పోగొట్టినదని చెప్పుటకు ఆధారము లేదు. కాని వారి మాట సున్నమును మాన్పించినది, వెంట్రుకముడిని విప్పించినది, క్షురకుని కత్తిని దూరముంచినది. తల్లికి నాలుగు మాసములు ఓర్పు నిచ్చినది. బాలుని చేతిని జేబులోనుండి బయటికి తీసి, తన చేతిలోనికి తీసుకొని చూచినది. కాలము తన పని తాను చేయునట్లు అడ్డుతొలగి నిలుచుటయు వైద్యములో ఒక భాగమే. ఆ మేలునకు వారికి నమస్కరింపవచ్చును. అయితే నమస్కారము వేరు, సాక్ష్యము వేరు. ఓర్పునకు చేయు నమస్కారమును మాత్రకు చేసినచో రేపు చిక్కు వచ్చును.

ఆ చిక్కు ఎట్టిదనగా – పులిపిరి పోయినది గనుక ఆటలమ్మకును, తట్టుకును, సర్పికిని ఆ మాత్రయే చాలునను ధైర్యము కలుగును. తట్టు చిన్నబిడ్డల ఊపిరితిత్తులకు, కన్నులకు చేటు తెచ్చు వ్యాధి. దానిని నివారించునది టీకా, మాత్ర కాదు. కంటిచుట్టును లేచిన సర్పికి మొదటి రెండుమూడు దినములలోనే తగిన మందు పడనిచో చూపు పోవచ్చును. అన్నింటికి పెద్దదియగు మశూచిని తలచుకొనుడు. ఎందరి కన్నులనో తీసి, ఎన్ని ఇండ్లనో పాడుపెట్టిన ఆ మహమ్మారి భారతదేశమున 1975తో అంతరించినది. 1980లో ప్రపంచమంతట లేదని ప్రకటింపబడినది. అది తానుగ పోయినది కాదు. ఊరూర, ఇంటింట టీకాలు వేసి, ప్రతి రోగిని లెక్కించి వెడలగొట్టబడినది. తానుగ పోవు వ్యాధికిని, పోగొట్టవలసిన వ్యాధికిని గల భేదమిది. ఈ భేదము తెలిసినవాడు ఏ మందు వాడినను మోసపోడు.

గృహస్థులు చేయదగిన పనులు

పిల్లల చేతులమీది పులిపిర్లు బాధింపనిచో ఊరకుండుట తప్పు కాదు. గోళ్లు కొరుకనీయరాదు, గీకనీయరాదు. పులిపిర్లున్నవారి తువాలు, గోళ్లకత్తెర, గడ్డపుకత్తి ఇతరులు వాడరాదు. అరికాలిలో నున్నవారు తడినేలమీద చెప్పులతో నడువవలెను. బడి మాన్పింపనక్కరలేదు; పంక్తినుండి లేపనక్కరలేదు.

త్వరగ పోవలెనని కోరువారికి సాలిసిలిక్ ఆమ్లపు మందు ఔషధశాలలలో దొరకును. రాత్రివేళ పులిపిరిని గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, నానిన పైపొరను గరుకురాతితో మెల్లగ తీసి, చుట్టునున్న మంచిచర్మమునకు వేజలైన్ రాచి, పులిపిరిమీద మాత్రము మందు చుక్కను ఉంచవలెను. ఆ రాతిని వేరొకరు వాడరాదు. పండ్రెండు వారములవరకు ఓర్పుతో చేయవలెను. ముఖముమీద, మర్మస్థానములలో దీనిని వాడరాదు. మధుమేహము గలవారు, కాళ్లలో స్పర్శ తగ్గినవారు డాక్టరును అడుగకుండ పాదములకు పూయరాదు; చిన్న పుండు పెద్దదై కాలికే ముప్పు తెచ్చును.

వెంటనే వైద్యునికి చూపవలసినవి కొన్ని కలవు. పెద్దవయసులో క్రొత్తగ లేచి పెరుగునది, నెత్తురు కారునది, పుండుపడి మానకుండునది, నల్లగ వ్యాపించునది – ఇవి పులిపిరులు కాకపోవచ్చును. మర్మస్థానములలో లేచినవానిని సిగ్గుచే దాచరాదు, భార్యాభర్తలిరువురును చూపించుకొనవలెను. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కలిగించు రకములనుండి బాలికలను కాపాడు టీకా నేడు కలదు, భారతదేశములోను తయారగుచున్నది. ఈ సంగతి ప్రతి తల్లికిని తెలియవలెను. ఇట్టి వానికి మాత్రలు మ్రింగుచు నెలలు గడపుట కాలమును వృథాచేయుట మాత్రమే కాదు, ప్రాణముతో పందెము వేయుట.

గ్రంథాలయము చేయు సహాయము

మందు మంచిచెడ్డలను తెలిసికొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. పులిపిరి కనబడిన నాడు తేదీ వ్రాసి, దానిపై పలుచని కాగితముంచి చుట్టుకొలత గీయుడు. నెలకొకసారి మరల గీయుడు. ఏ మందు ఎప్పుడు మొదలిడినది, ఎప్పుడు మానినది వ్రాయుడు. మందు వాడని పొరుగుపిల్లల లెక్కయు దాని ప్రక్కనే వ్రాయుడు. నయమైనవారిని మాత్రమే కాదు, కానివారినికూడ లెక్కింపవలెను. ఇదియే అన్నింటికంటె ముఖ్యము. నయమైనవాడు టెంకాయతో వచ్చి వైద్యునికి చెప్పును. నయము కానివాడు చెప్పకయే వేరొక వైద్యుని ఇంటికి పోవును. అందుచేత ప్రతి వైద్యునికిని తన చేతివాసి ఉన్నదానికంటె మిన్నగ కనబడును. ఇది హోమియో వైద్యునికి మాత్రమే గాదు, అల్లోపతి డాక్టరునకు, నాటువైద్యునకు, మంత్రము వేయువానికి అందరికిని వర్తించును.

హానిమన్ తన కాలపు వైద్యమును ఊరక నమ్మలేదు. నెత్తురు తీయుట మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా అని అడిగెను. మందును ముందు తనమీదనే పరీక్షించుకొనెను. ఆయన మాత్రలను గూడ ఆ ప్రశ్నతోనే పరీక్షించుట ఆయనను అవమానించుట కాదు. ఆయన చూపిన దారిలో మరి నాలుగడుగులు నడచుట.

గ్రంథాలయపు అరలో హోమియో పుస్తకము ఉండవలెను. దాని ప్రక్కన చర్మవ్యాధుల పుస్తకము, టీకాల పుస్తకము నుండవలెను. ఒకదానిని మాత్రమే చదివినవాడు నమ్మును. రెంటిని చదివినవాడు అడుగును. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకమును గడపదాటించి ఇంటింటికి పంపిన గ్రంథాలయము ఊరికి నేర్పగల విద్య ఇదియే: ప్రేమతో వినుట, లెక్కించి నమ్ముట.

ఇక ఆ బాలుని సంగతి. వాని పులిపిర్లు పోయినవి. మహిమ ఎవరిదైనను కానిండు. ఈ యేడు శ్రావణములో మరియొక బాలుని చేతిమీద లేచును. అప్పుడు చేయవలసిన మొదటి వైద్యము సున్నము కాదు, మాత్రయు కాదు. పంక్తిలో వాని ప్రక్కన కూర్చుండి, "నాయనా, ఆ మంచినీళ్ల చెంబు ఇటు అందియ్యి" అని అడుగుట. ఆ చేయి జేబులోనికి పోకుండిన చాలును. తక్కిన పనిని కాలము చూచుకొనును.